ఈ ఉత్తరం నాన్నదేనా?



కాఫీ పండ్ల కోత రోజుల్లో గూడెం కొత్తవీధిలో ఎవరికీ తీరిక ఉండదు. ఆదివారం దివ్యబలిపూజ ముగియగానే అందరూ తోటల వైపు వెళ్లిపోతారు. అలాంటి ఒక ఆదివారం ఒక తల్లి, ఇంటర్మీడియెట్ చదువుతున్న ఆమె కూతురు మాత్రం వెళ్లకుండా దేవాలయం అరుగు దగ్గర నిలబడి ఉన్నారు. తల్లి చేతిలో ఒక కాగితం. ఈమెయిలును ప్రింటు తీయించి తెచ్చారు. పైన తండ్రి పేరు, ఆయన మెయిలు అడ్రసు, తేదీ ఉన్నాయి. కింద నాలుగే నాలుగు మాటలు. ఇకమీదట నీకూ నాకూ సంబంధం లేదు, చదువుకు డబ్బు అడగొద్దు, ఫోను చెయ్యొద్దు, నా బతుకు నేను చూసుకున్నాను అని వాటి సారాంశం.

ఆ భార్యాభర్తలు విడిగా ఉండబట్టి ఆరేళ్లయింది. ఆయన పొరుగు రాష్ట్రంలో ఒక గోదాము దగ్గర కాపలా పని చేస్తున్నాడు. కోర్టులో మనోవర్తి కేసు నడుస్తోంది. (ఇది పాపసంకీర్తనంలో విన్న విషయం కాదు. ఇద్దరి అనుమతీ తీసుకుని, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.) తల్లి నన్ను కోరింది ఒక్కటే: ఈ ఉత్తరం ఆమె భర్తదేనని విచారణ గురువుగా నేను ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వాలి. కూతురు అడిగింది ఇంకొకటి. “ఫాదర్ గారూ, ఇది నిజంగా నాన్న రాసిందేనా?”

నేను కళ్లజోడు సర్దుకుని పై వరస చూశాను. “అడ్రసు ఆయనదే కదమ్మా” అన్నాను.

అంతే అన్నాను. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. మెట్లు దిగుతూ మాత్రం, “తిడితే తిడతాడు గానీ ఇలా మాట్లాడడు” అని తనలో తను అనుకున్నట్టుగా అంది. నేను విన్నాను, పట్టించుకోలేదు. మూడో రోజు ఆ తండ్రి ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి ఫోను చేశాడు. “నేను పంపలేదు ఫాదర్ గారూ. మీరు కూడా నమ్మేశారా?” అన్నాడు.

సెమినరీలో మూడేళ్లు తత్త్వశాస్త్రం చదివాను. దేన్ని జ్ఞానం అనాలి, దేన్ని ఊహ అనాలి, దేన్ని నమ్మకం అనాలి అని పరీక్షల్లో పేజీల కొద్దీ రాశాను. తీరా ఒక పిల్ల ఎదురుగా నిలబడి అడిగినప్పుడు, కవరు మీది పేరు చూసి తీర్పు చెప్పాను. ఈ వారం ఈ శీర్షికలో ఆ తప్పు గురించే మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మీ ఇళ్లలోనూ ఫోన్లున్నాయి. 2023 జూన్‌లో మన్యం పల్లెల కోసం ఒకేసారి వంద సెల్ టవర్లు ప్రారంభించినప్పుడు వాటిలో ఎక్కువ భాగం మన అల్లూరి సీతారామరాజు జిల్లాకే వచ్చాయి. ఉత్తరం రావడానికి ఇప్పుడు రోడ్డు కూడా అక్కర్లేదు.

ముందు ఉత్తరం అంటే ఏమిటో చూద్దాం. నేను గురువునైన కొత్తలో ఈ కొండల్లో చాలామంది పెద్దలకు రాత రాదు. కొడుకు దూరాన పనికి వెళ్తే తండ్రి ఉపదేశి దగ్గరికో బడి మాస్టారి దగ్గరికో వచ్చి కూర్చునేవాడు. చెప్పింది తండ్రి, రాసింది ఉపదేశి, కింద తండ్రి వేలిముద్ర. ఆ ఉత్తరం అందుకున్న కొడుకు “ఉపదేశి గారు రాశారు” అనేవాడు కాదు, “అయ్య రాశాడు” అనేవాడు. రోమీయులకు రాసిన లేఖ చివర తెర్తియు అనే ఆయన, ఈ లేఖ రాస్తున్నది నేను అంటూ తన వందనాలు కూడా చేర్చుకున్నాడు. అయినా మనం దాన్ని తెర్తియు లేఖ అనడం లేదు, పునీత పౌలు లేఖ అనే అంటున్నాం. అంటే ఉత్తరం రాసిన చెయ్యి ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ మాట ఎవరిదన్నది మరో ప్రశ్న. ఈ రెండూ వేరని మన తాతలకు బాగా తెలుసు. మెయిలు వచ్చాక మనమే మరిచిపోయాం.

పౌలు కాలంలోనే దొంగ ఉత్తరాల బెడద ఉండేది. మా పేరుతో వచ్చినట్టున్న లేఖను చూసి కలవరపడకండి అని తెస్సలోనీక ప్రజలకు రాసిన రెండవ లేఖలో హెచ్చరిక ఉంది. ఆ లేఖ చివర, ఈ వందనం నా చేతితో రాస్తున్నాను, నా ప్రతి లేఖకూ ఇదే గుర్తు అన్న అర్థంలో ఒక మాట ఉంది. విడ్డూరం ఏమిటంటే, ఈ రెండవ లేఖను పౌలే రాశాడా, ఆయన శిష్యుడెవరైనా రాశాడా అని బైబులు పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. గుర్తు ఉన్న ఉత్తరానికీ అనుమానం తప్పలేదు.

ఇక ఈమెయిలు సంగతి. నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే అలవాటు ఒకసారి దెబ్బతీసింది కాబట్టి, కంప్యూటరు పాఠాలు చెప్పే మా విచారణ యువకుణ్ణి కూర్చోబెట్టి అడిగాను. అతను చెప్పింది నాకు అర్థమైనట్టుగా చెబుతాను. మెయిలులో “ఫ్రమ్” అని కనిపించే పేరు మనం కవరు వెనక రాసే “పంపినవారు” అన్న చోటు లాంటిది. ఆ చోట ఎవరైనా ఎవరి పేరైనా రాయవచ్చు. ఈ మెయిళ్ల నియమాలను 1982లో జోన్ పోస్టెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు రాసినప్పుడు పంపేవాడి పేరును పరీక్షించే పద్ధతి వాటిలో లేదు. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడుకునే వసతి అది. పరీక్ష అవసరమవుతుందని అప్పుడు అనుకోలేదు.

తర్వాత వచ్చిన కట్టుదిట్టాలు కంటికి కనిపించవు. ప్రతి మెయిలు వెనకా కొన్ని వరసలు దాగి ఉంటాయి. అది ఏ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో ఒక్కో సర్వరూ తపాలా ముద్ర వేసినట్టు అందులో రాస్తుంది. వాటిని కింది నుంచి పైకి చదవాలట. వీటితో పాటు డి.కె.ఐ.ఎం. అనే సంతకం ఒకటి ఉంటుంది. పంపిన కంపెనీ సర్వరు తన రహస్య తాళంతో ఆ మెయిలు మీద వేసే ముద్ర అది. దారిలో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర సరిపోలదు. జీమెయిలులో మూడు చుక్కలు నొక్కి “షో ఒరిజినల్” తెరిస్తే ఇవన్నీ కనిపిస్తాయి. ప్రింటు తీసిన కాగితంలో ఇవేవీ ఉండవు. స్క్రీన్‌షాటులోనూ ఉండవు. మరొకరికి ఫార్వర్డు చేస్తే వెళ్లేది కొత్త మెయిలు, పాత ముద్రలు దానితో రావు. ఆ తల్లి తెచ్చిన కాగితం టైపు చేయించిన మరే కాగితంతోనైనా సమానమే. అందులోని మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. కాగితం మాత్రం ఏమీ చెప్పలేదు.

పిల్ల ఫోనులోనే అసలు మెయిలు తెరిపించి చూశాం. ముద్ర సరిపోయింది. మెయిలు ఆ తండ్రి అకౌంటు నుంచే వచ్చింది, దారిలో ఎవరూ దాన్ని మార్చలేదు.

“అయితే తేలిపోయినట్టేగా?” అన్నాను.

“అకౌంటు తేలింది ఫాదర్. మనిషి తేలలేదు” అన్నాడు ఆ యువకుడు.

తండ్రిని ఫోనులో అడిగితే అకౌంటు కథ బయటపడింది. ఊళ్లో ఉన్నప్పుడు కొన్న మొదటి స్మార్టుఫోనులో ఆ అకౌంటును సెల్ షాపు కుర్రాడు తెరిచాడు. పాస్‌వర్డు కూడా అతనే పెట్టి, మరిచిపోకుండా ఫోను పెట్టె మీద రాసి ఇచ్చాడు. తర్వాత ఈయన ఆ ఫోనును పెట్టెతో సహా ఎవరికో అమ్మేశాడు. అకౌంటు తీసెయ్యాలని ఆయనకు తెలియదు. ఇప్పుడు అదే అకౌంటు, అదే పాస్‌వర్డుతో, నలుగురితో కలిసి ఉండే గదిలో మరో ఫోనులో వాడుతున్నాడు. “పంపినవి” అన్న చోట వెతికితే ఆ మెయిలు లేదు. కానీ పంపినవాడు ఎవడైనా దాన్ని అక్కడి నుంచి తీసెయ్యవచ్చు, అది ఆయనే అయినా సరే. ఏ ఫోను నుంచి, ఏ ఊరి నుంచి ఆ రోజు అకౌంటు తెరిచారన్న లెక్కలు కంపెనీ దగ్గర ఉండవచ్చు. కోర్టో పోలీసులో అడిగితే తప్ప అవి మనకు రావు. ఆ యువకుడి మాటకు విలువ ఎంతో అప్పుడు తెలిసింది. తాళం తీసింది ఏ తాళంచెవో యంత్రం చెప్పగలదు. ఆ తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు.

మన దేశ చట్టం ఈ విషయాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకుందో చూసి నేను ఆశ్చర్యపోయాను. 1872 నాటి సాక్ష్య చట్టంలో, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ద్వారా 88-ఎ అనే సెక్షను చేరింది. అందిన మెయిలు, పంపినవారు కంప్యూటరులో ఎక్కించిన మెయిలు ఒకటేనని కోర్టు భావించవచ్చు. దాన్ని ఎవరు పంపారన్న విషయంలో మాత్రం కోర్టు ఏదీ ముందుగా భావించకూడదు. ఇదీ ఆ సెక్షను అర్థం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ 90వ సెక్షనుగా ఇదే నియమం కొనసాగింది. అరుగు మీద నిలబడి నేను చేసిన పని న్యాయమూర్తికి కూడా చట్టం నిషేధించిన పని అన్నమాట.

కంప్యూటరు నకళ్లకు తగిన ధ్రువపత్రం జతచేయాలని 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులోనూ సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. రెండూ ఎన్నికల కేసులే. అసలు పరికరాన్నే కోర్టు ముందు పెడితే ఆ పత్రం అక్కర్లేదు. ఫ్యామిలీ కోర్టుకు కొంత వెసులుబాటు ఉంది. 1984 నాటి చట్టం 14వ సెక్షను ప్రకారం, వివాదం తేల్చడానికి పనికొస్తుందనిపించిన ఏ కాగితాన్నైనా అది పరిశీలించవచ్చు. కాబట్టి ఆ తల్లి వకీలును కలవడంలో తప్పేమీ లేదు. ఆమెకు నేను చెప్పింది ఇదే: మెయిలును తుడిచెయ్యకండి, ఎవరికీ ఫార్వర్డు చెయ్యకండి, ఆ ఫోనును జాగ్రత్త పెట్టండి. కానీ నా ముద్ర మాత్రం అడగకండి. విచారణ ముద్ర జ్ఞానస్నానాలకూ వివాహాలకూ, నేను కళ్లారా చూసినవాటికీ. మీ ఆయన చేతిని నేను చూడలేదు.

సరే, ఏదీ నూటికి నూరుపాళ్లు తేలదు కాబట్టి ఏమీ తెలుసుకోలేం అని చేతులు ఎత్తేయాలా? అక్కడే నాకు చదువు కాస్త పనికొచ్చింది. లెక్కల్లో ఆశించే నిశ్చయాన్ని మనుషుల వ్యవహారాల్లో ఆశించకూడదని అరిస్టాటిల్ చెప్పాడు. పునీత తోమాసు అక్వినాసు సాక్షుల గురించి రాస్తూ దాన్నే అందుకున్నాడు. శ్రీసభ న్యాయస్థానాల్లో తీర్పరికి కావలసింది నైతిక నిశ్చయం అని శ్రీసభ చట్టం 1608వ నియమం చెబుతోంది. పన్నెండవ భక్తినాథ పోపుగారు 1942 అక్టోబరు 1న రోమను రోటా న్యాయమూర్తులతో మాట్లాడుతూ దీన్ని వివరించారు. అవతలి పక్షం నిజం కావడానికి ఊహకు అందే అవకాశం మిగిలే ఉండవచ్చు, కానీ బుద్ధిగలవాడు పట్టించుకోదగిన సందేహం మిగలకూడదు. ఒట్టి “అయ్యుండవచ్చు” మాత్రం చాలదు.

ఆ నిశ్చయం ఒక్క రుజువుతో వస్తుందని అనుకోకండి. 2025 నవంబరులో శ్రీసభ పండితుడిగా ప్రకటింపబడిన పునీత జాన్ హెన్రీ న్యూమన్ దాన్ని ఒక లేఖలో తాడుతో పోల్చారు. మన కొండల్లో అడ్డ నార పేనేవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక్కో నారను లాగితే తెగిపోతుంది. పేనితే బరువు మోస్తుంది.

ఆ నారల్లో మాటతీరు ఒకటి. ఒకప్పుడు, కాన్‌స్టంటైను చక్రవర్తి పడమటి దేశాల ఏలుబడిని పోపుగారికి రాసిచ్చినట్టు ఒక దానపత్రం చలామణీలో ఉండేది. తర్వాత కార్డినల్ అయిన కూసా నికొలాసు 1433లో దాన్ని అనుమానించాడు. 1440లో లొరెంజో వల్లా ఆ పత్రంలోని లాటిను మాటలను పట్టి చూపించి, ఇవి ఆ చక్రవర్తి కాలపు మాటలు కావు అని తేల్చాడు. శ్రీసభకు లాభం చేసే పత్రాన్ని శ్రీసభ బిడ్డలే దొంగ పత్రమన్నారు. అందువల్ల విశ్వాసానికేమీ నష్టం రాలేదు. మా మెయిలులో కూడా అలాంటి మాట ఒకటి ఉంది. తండ్రి ఆ పిల్లను ఎప్పుడూ “చిట్టీ” అనే పిలుస్తాడు. పాత మెసేజీలన్నీ అలాగే ఉన్నాయి. ఈ మెయిలు మాత్రం బడి రిజిస్టరులోని పూర్తి పేరుతో మొదలైంది.

ఈ ఒక్క నారను పట్టుకుని ఊగిపోకూడదు. తెంచుకోదలచిన మనిషి ముద్దుపేరు పెట్టి పిలవడు కదా? పైగా ఆ తండ్రి ఏమంత చక్కని తండ్రి కాదు. ఆరేళ్లలో రెండుసార్లు మాత్రమే ఫీజు పంపాడు. కూతురు భద్రమైన అభ్యంగనం స్వీకరించిన రోజున రాలేదు. ఒకసారి తాగి ఫోను చేసి, మీరంతా నాకు అక్కర్లేదని అరిచాడట. ఇవన్నీ తల్లి పక్షాన ఉన్న నారలు, తీసిపారేయదగినవి కావు. అన్నీ కలిపి చూస్తే ఆయన పంపి ఉండడని నా మనసు మొగ్గింది. అది మొగ్గు మాత్రమే, నిశ్చయం కాదు. తల్లికీ తండ్రికీ అదే చెప్పాను. తండ్రి వెంటనే “అయితే ఇది మా బావమరిది పనే ఫాదర్ గారూ” అన్నాడు. “నువ్వు రాయలేదని నమ్మమంటున్నావు, అతను రాశాడని మాత్రం ఆధారం లేకుండానే నమ్మమంటావా?” అన్నాను. దుడుకు తీర్పు గురించి పునీత ఫ్రాన్సిస్ సాలెసు తన భక్తి జీవన గ్రంథంలో ఒక అధ్యాయమే రాశాడు. మన విశాఖ ప్రాంతానికి వేదబోధకు వచ్చిన సవోయ్ గురువుల సభకు ఆయనే పాలక పునీతుడు. ఆ అధ్యాయాన్ని సెమినరీలో నేను ధ్యానానికి వాడుకున్నాను, అరుగు మీద గుర్తు రాలేదు.

బైబులులో ఇలాంటి మోసాల గురించి రెండు కథలున్నాయి. ఈసారి వాటిని చదివినప్పుడు నాకు వేరేగా వినిపించాయి. ఈసాకు ముసలివాడై చూపు పోయింది. యాకోబు మేకతోళ్లు కట్టుకుని అన్న పేరుతో వచ్చాడు. గొంతు యాకోబుదిలా ఉందని ఈసాకు చెవి చెప్పింది, సరిగ్గానే చెప్పింది. కానీ ఆయన చేతులు తడిమి చూశాడు, భోజనం తిన్నాడు, బట్టల వాసన చూశాడు. ఇన్ని రుజువుల మధ్య చెవి చెప్పిన నిజం ఓడిపోయింది. మెట్లు దిగుతూ ఆ పిల్ల అన్న మాట నాకు ఇక్కడ గుర్తొచ్చింది. ఇలా మాట్లాడడు అని చెప్పింది ఆమె చెవి. పదకొండేళ్లు ఒకే ఇంట్లో ఉండి విన్న చెవి అది. కోర్టులో అది నిలవకపోవచ్చు, ఆశ వల్ల పొరబడవచ్చు కూడా. అయినా అది ఒక నార. నేను దాన్ని పక్కన పడేశాను.

రెండవది యోసేపు అంగీ. అన్నలు దాన్ని మేకపిల్ల రక్తంలో ముంచి తండ్రికి పంపారు. శ్రద్ధగా గమనించండి, యోసేపు చచ్చిపోయాడని వారు ఒక్క మాట అనలేదు. ఇది నీ కొడుకుదేనేమో చూడు అని మాత్రమే అడిగించారు. క్రూరమృగం తినేసిందన్నది తండ్రే చెప్పుకున్నాడు. అంగీ నిజమైనదే, రక్తం నిజమైనదే, అబద్ధాన్ని మాత్రం తండ్రి నోటితోనే పలికించారు. ఒక స్క్రీన్‌షాటు తీసి “ఇది చూడు” అని పిల్ల ముందు పెట్టి ఊరుకునేవారు చేసేది సరిగ్గా ఇదే. ముందూ వెనకా కత్తిరించిన నిజమైన మెసేజీతో కూడా ఈ పని చేయవచ్చు. తండ్రి పంపిన మంచి మెయిలును పిల్లకు చేరకుండా తల్లి తుడిచేసినా, తల్లి ఉత్తరాన్ని తండ్రి దాచేసినా, దొంగ ఉత్తరం రాసినదానితో అది సమానమే. పిల్లల పాస్‌వర్డులు చేతిలో ఉన్న తల్లిదండ్రులు ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

ఇది ఎందుకంత పెద్ద పాపం? పునీత అగుస్తీను తన “ఆత్మకథ” ఆరవ భాగంలో ఒక సంగతి గమనించాడు. నేను ఏ తల్లిదండ్రులకు పుట్టానో నాకు తెలుసునని అనుకుంటాను, కానీ అది నేను చూసింది కాదు, చెప్పినవారిని నమ్మి తెలుసుకున్నది అంటాడు. ఇప్పుడు డి.ఎన్.ఎ. పరీక్షలు ఉన్నాయి, నిజమే. అయితే ఏ బిడ్డ పరీక్ష చేయించి “అమ్మా” అని పిలుస్తోంది? ఇది అన్నం, ఇది నిప్పు, వీరు నీవాళ్లు, ఆయన దేవుడు అని మనం మొట్టమొదట నేర్చుకున్నవన్నీ అమ్మానాన్నల మాట మీద నేర్చుకున్నవే. తండ్రి పేరుతో దొంగమాట రాసినవాడు ఆ ఒక్క మెయిలును పాడుచేసి ఊరుకోలేదు. ఇకముందు తండ్రి నిజంగా పంపే ప్రతి మాటనూ పిల్ల అనుమానించేలా చేశాడు. మెయిలు తండ్రే రాసి ఇప్పుడు కాదంటున్నాడనుకోండి, అప్పుడూ ఇదే నష్టం, ఈసారి చేసింది ఆయన. అబద్ధసాక్ష్యం చెప్పినవాడు క్షమాపణ అడిగితే చాలదు, చేసిన నష్టాన్ని పూడ్చాలి అని శ్రీసభ బోధిస్తుంది. ఈ పంక్తులు ఆ మెయిలు పంపినవారు చదువుతుంటే, ఆ పూడ్చే పని నా దగ్గర కాదు, ఆ పిల్ల దగ్గర మొదలవుతుందని తెలుసుకోవాలి.

ఈ నేల మీదే జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన పక్కనున్న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశాడు. తీసుకుపోయిన ఆయుధాల లెక్క స్టేషనులోనే రాసి, కింద తన సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఆ తర్వాత కూడా దాడికి ముందే కబురు పంపేవాడని ఈ కొండల్లో ఇప్పటికీ మిరపకాయ టపా కథలు చెప్పుకుంటారు. ఆ సంతకం ఆయనదేనా అని దస్తూరీ నిపుణులను పిలవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. ఎందుకంటే, అది నా పనే అని నిలబడిన మనిషి ఉన్నాడు. తిరుగుబాటు సంగతి ఎలా ఉన్నా, సంతకం అంటే అర్థం అది. పౌలు తన చేతితో వందనం రాసినా, నిరక్షరాస్యుడైన తండ్రి వేలిముద్ర వేసినా చేసింది అదే. ఎన్ని ముద్రలు సరిపోయినా, ఆ మాటకు జవాబు చెప్పడానికి మనిషి ఎదుటికి రాకపోతే ఉత్తరం సగమే అందినట్టు.

అందుకని ఆ తల్లిని ఒక్కటే అడిగాను. వారానికి ఒకసారి పిల్లను తండ్రితో నేరుగా మాట్లాడనివ్వమన్నాను. విడిపోయిన తల్లిదండ్రుల పిల్లలకు ఇద్దరి ప్రేమా పొందే హక్కు ఉందని, కలుసుకోలేనంత దూరంలో ఉన్నవారు ఫోనులోనైనా వీడియోలోనైనా రోజూ కాసేపు మాట్లాడే వీలుండాలని 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లలను పంతానికి బందీలుగా వాడుకోవద్దని ఫ్రాన్సిస్ పోపుగారు 2016లో కుటుంబాలకు రాసిన “ప్రేమానందం” అనే లేఖలో బతిమాలారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “మీరు ఆయన పక్షమా ఫాదర్ గారూ?” అంది చివరికి. ఆరేళ్లు ఒంటరిగా కాఫీ తోటల్లో కూలికి వెళ్లి పిల్లను చదివించిన మనిషి అడిగింది. “మీరు పడ్డ కష్టం ఆయన పడలేదమ్మా. అది నేను ఎవరి ముందైనా చెబుతాను, దానికి కావాలంటే సంతకం పెడతాను” అన్నాను. తర్వాత పిల్ల వైపు తిరిగి, ఆ రోజు నేను తెలియకుండా మాట్లాడాను, నన్ను క్షమించమ్మా అని అడిగాను. ఆ పిల్ల సిగ్గుపడి తల దించుకుంది.

తర్వాతి ఆదివారం పూజ అయ్యాక నా గది కిటికీ దగ్గర, సిగ్నలు బాగా అందే చోట, ఆ పిల్ల వీడియోకాల్ చేసింది. తల్లి బయట అరుగు మీద కూర్చుంది. రమ్మన్నా లోపలికి రాలేదు. గొంతును కూడా కంప్యూటరుతో అనుకరించే రోజులు వచ్చాయని మా యువకుడు చెప్పాడు గానీ, అవతలి మనిషి ఆమెను చూడగానే పలికిన మొదటి మాట తర్వాత నాకు ఆ అనుమానం రాలేదు. “నాన్నా, ఆ మెయిలు నువ్వు పంపావా?” అని అడిగింది. “లేదు చిట్టీ, ఒట్టు” అన్నాడు.

“మరి ఫీజు ఎందుకు పంపలేదు?”

అవతల నిశ్శబ్దం. సిగ్నలు పోయిందేమోనని నేను తల తిప్పి చూశాను. పోలేదు. ఆయన ముఖం తెర మీద కదులుతూనే ఉంది. కొంతసేపటికి గొంతు సవరించుకుని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నేను తలుపు దగ్గరగా వేసి, వెళ్లి ఆ తల్లి పక్కన అరుగు మీద కూర్చున్నాను.